తక్కువ ఎత్తులో విమానాలు: నిబంధనలు ఏమిటి, ఉల్లంఘన ఎక్కడ మొదలవుతుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ప్రధానంగా రైల్వే నగరం. 1891లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే సంస్థ నాగ్‌పూర్ - ఆసన్‌సోల్ ప్రధాన మార్గాన్ని పూర్తి చేసినప్పటి నుంచి ఈ ఊరి జీవనం రైలు చుట్టూనే అల్లుకుంది. రైల్వే ఉద్యోగాల కోసం తరతరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ గణనీయంగా ఉన్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రంగా మారిన ఈ నగరానికి 2021 మార్చి 1న విమాన సేవలు కూడా ప్రారంభమయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఏర్పడిన చకర్‌భాఠా విమాన క్షేత్రమే నేటి బిలాసా దేవి కేవట్ విమానాశ్రయం.

రాకపోకలు మొదలైన ప్రతి కొత్త విమానాశ్రయం పరిసరాల్లోనూ ఒక ప్రశ్న వినిపిస్తుంది. ఇళ్ల మీదుగా ఇంత కిందుగా విమానం వెళ్లవచ్చునా? దిగుతున్న విమానం కిందికి రావడం సహజమే. కానీ సరదా కోసమో, సాహసం చూపడం కోసమో, వాతావరణం అనుకూలించకపోయినా గమ్యం చేరాలన్న పట్టుదలతోనో పైలట్ కిందికి దిగితే అది వేరే సంగతి. ఈ రెండింటినీ వేరుచేసే నియమాలు దేశంలో 1937 నుంచే ఉన్నాయి.

చట్టం చెప్పేది

భారత విమాన నియమావళి, 1937లోని 21వ నియమం ప్రమాదకర విమాన చాలనాన్ని నిషేధిస్తుంది. తక్కువ ఎత్తు వల్ల గానీ, మనుషులకూ నివాసాలకూ మరీ దగ్గరగా వెళ్లడం వల్ల గానీ, మరే ఇతర కారణం వల్ల గానీ ఎవరికైనా, ఎవరి ఆస్తికైనా అనవసర ప్రమాదం కలిగే పరిస్థితుల్లో విమానం నడపరాదన్నది ఈ నియమం సారాంశం. నష్టం జరిగి తీరాలన్న షరతు ఇందులో లేదు. ప్రమాదకర పరిస్థితి కల్పించడమే ఉల్లంఘన అవుతుంది.

ఎంత ఎత్తు తక్కువ, ఎంత ఎత్తు సురక్షితం అన్న లెక్కలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రూపొందించిన గగనతల నియమాల్లో ఉన్నాయి. 1944 నాటి షికాగో ఒప్పందంలో భాగస్వామి అయిన భారతదేశం వాటిని అనుసరిస్తుంది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, తన నిబంధనల ద్వారా వాటిని అమలు చేస్తుంది. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది: కంటిచూపు ఆధారంగా నడిపే విమానం నగరాలు, పట్టణాలు, జనావాసాల మీదుగా గానీ, బహిరంగ సభల వంటి జనసమూహాల మీదుగా గానీ వెళ్లేటప్పుడు, చుట్టూ 600 మీటర్ల పరిధిలో ఉన్న అత్యంత ఎత్తయిన అడ్డంకి కంటే కనీసం 300 మీటర్లు, అంటే సుమారు 1,000 అడుగులు పైన ఉండాలి.

రెండోది: జనావాసాలు లేని చోట నేల లేదా నీటి ఉపరితలం నుంచి కనీసం 150 మీటర్లు, అంటే సుమారు 500 అడుగుల ఎత్తు పాటించాలి.

మూడోది: పరికరాల ఆధారంగా నడిపే విమానం సాధారణ ప్రాంతాల్లో 8 కిలోమీటర్ల పరిధిలోని అత్యంత ఎత్తయిన అడ్డంకి కంటే 300 మీటర్లు, పర్వత ప్రాంతాల్లో 600 మీటర్లు పైన ఉండాలి.

నాలుగోది: ఇంజిన్ ఆగిపోవడం వంటి అత్యవసర పరిస్థితి తలెత్తినా, కింద ఉన్నవారికి హాని లేకుండా దిగగలిగినంత ఎత్తులోనే జనావాసాలను దాటాలి. 300 మీటర్ల ఎత్తున ఉండి కూడా ఈ షరతు నెరవేరడం లేదనుకుంటే పైలట్ మరింత పైకి వెళ్లాల్సిందే.

బయలుదేరడం, దిగడం, అధికారుల ప్రత్యేక అనుమతి ఉన్న సందర్భాలు మాత్రమే వీటికి మినహాయింపులు. విమాన విన్యాసాలకు విడిగా షరతులు ఉన్నాయి. ప్రదర్శన ఏదైనా డీజీసీఏ ముందస్తు అనుమతి లేకుండా జరగకూడదు.

కొలత ఎక్కడి నుంచి?

ఈ అంకెలను అర్థం చేసుకోవడంలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. నియమం చెప్పే 300 మీటర్లను నేల నుంచి కాకుండా అడ్డంకి శిఖరం నుంచి లెక్కించాలి. బిలాస్‌పూర్ సమీపంలోని సీపత్‌లో 2,980 మెగావాట్ల సామర్థ్యం గల ఎన్టీపీసీ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దాని పొగగొట్టాలు, అక్కడి నుంచి బయలుదేరే 765 కిలోవోల్టుల విద్యుత్ లైన్ల స్తంభాలు ఈ ప్రాంత ఆకాశంలో పెద్ద అడ్డంకులు. వాటి దరిదాపుల్లో వెళ్లే పైలట్ పొగగొట్టం కొస నుంచి ఎత్తు లెక్కించుకోవాలి.

రెండో చిక్కు ఎత్తును చూపే మీటరుకు సంబంధించినది. విమానంలోని ఆల్టీమీటర్ సాధారణంగా సముద్రమట్టం నుంచి ఎత్తును చూపుతుంది. కాళ్ల కింద ఉన్న నేల నుంచి ఎంత దూరమో అది చెప్పదు. బిలాస్‌పూర్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంది. మీటరులో 3,000 అడుగులు, అంటే సుమారు 915 మీటర్లు చూపుతున్నప్పుడు, నగరం మీద ఆ విమానం నేలకు దాదాపు 645 మీటర్ల పైన ఉన్నట్టు. అదే అంకెతో వాయవ్య దిశగా మైకల్ కొండల వైపు సాగితే అమర్‌కంటక్ పీఠభూమి ఎదురవుతుంది. దాని ఎత్తు 1,000 మీటర్లకు పైమాటే. మీటరు ముల్లు కదలకపోయినా, నేల పైకి లేచి విమానాన్ని అందుకుంటుంది. మబ్బు కమ్మిన రోజున ఈ తేడా ప్రాణాంతకం.

అందుకే చూపు ఆధారంగా నడిపే విమానాలకు దృశ్యస్పష్టత, మేఘాల నుంచి దూరం వంటి కనీస ప్రమాణాలు విధించారు. భారతదేశంలో ఇటువంటి విమానాలు సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలు గడిచినప్పటి నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు వరకు సాధారణంగా ఎగరకూడదు. విమానాశ్రయం పరిసరాల్లోనే సాగే స్థానిక శిక్షణ వంటి వాటికి మాత్రం గగనతల నియంత్రణ కేంద్రం మినహాయింపు ఇవ్వవచ్చు.

ఎత్తు అంటే వ్యవధి

ఈ నియమాల వెనుక ఉన్న తర్కం సరళమైనది. ఎత్తు పైలట్‌కు వ్యవధినిస్తుంది. ఒకే ఇంజిన్ గల చిన్న శిక్షణ విమానం ఇంజిన్ ఆగిపోతే, తాను కోల్పోయే ఎత్తుకు సుమారు 9 రెట్ల దూరం తేలుతూ పోగలదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో తేలుతున్నదనుకుంటే, 300 మీటర్ల ఎత్తు నుంచి దాదాపు 2.7 కిలోమీటర్ల దూరం, సుమారు 80 సెకన్ల సమయం దొరుకుతాయి. 150 మీటర్ల నుంచి 1.3 కిలోమీటర్లు, 40 సెకన్లు. 30 మీటర్ల ఎత్తులో ఉంటే మిగిలేది 270 మీటర్లు, 8 సెకన్లు మాత్రమే. ఏం జరిగిందో గ్రహించడానికే అందులో సగం గడిచిపోతుంది. అనువైన మైదానం వెతుక్కోవడానికి అవకాశమే ఉండదు.

మలుపులు ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతాయి. విమానం 60 డిగ్రీలు ఒరిగి ఎత్తు కోల్పోకుండా మలుపు తిరిగితే దాని రెక్కలు మోయాల్సిన భారం రెట్టింపవుతుంది. విమానం గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం సుమారు 41 శాతం పెరుగుతుంది. ఆ వేగం లేకపోతే రెక్కలు పట్టు తప్పుతాయి. పైన ఉన్నప్పుడు ముక్కు దించి వేగం పుంజుకుని తేరుకోవచ్చు. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు తేరుకోవడానికి చోటుండదు. తెలిసినవారి ఇంటి మీద చక్కర్లు కొట్టి చేయి ఊపాలన్న సరదా ప్రపంచవ్యాప్తంగా ఎందరో పైలట్ల ప్రాణాలు తీసింది ఈ విధంగానే.

ఇక తీగలు. విద్యుత్ తీగ నేపథ్యంలో కలిసిపోతుంది. దాన్ని గుర్తించేసరికి తప్పించుకునే దూరం మిగలదు. అందుకే తీగల కోసం కాకుండా స్తంభాల కోసం చూడాలని పైలట్లకు నేర్పుతారు. ప్రధాన రైలు మార్గాల మీద 25 కిలోవోల్టుల తీగలు, వాటికి అడ్డంగా దాటే అధిక సామర్థ్య లైన్లు ఉన్న బిలాస్‌పూర్ వంటి చోట్ల ఈ ముప్పు మరింత ఎక్కువ.

తెలుగు నేల మీద రెండు ఘటనలు

తక్కువ ఎత్తులో ఎగిరిన ప్రతి పైలట్ నిర్లక్ష్యపరుడు కాదు. వాతావరణం కిందికి నెట్టిన సందర్భాలున్నాయి. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి భీమవరం నుంచి హైదరాబాద్‌కు బయలుదేరిన హెలికాప్టర్ కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలో కూలిపోయింది. దారి సరిగా కనిపించని స్థితిలో కిందికి దిగిన హెలికాప్టర్ కొబ్బరిచెట్టును తాకి చేపల చెరువులో పడింది. బాలయోగితో పాటు హెలికాప్టర్‌లోని మరో ఇద్దరూ మరణించారు. ఆకాశం మూసుకుపోతున్నప్పుడు భూమి కనిపించేదాకా కిందికి దిగి ప్రయాణం సాగించడం ఎంత ప్రమాదకరమో ఆ ఉదయం దేశానికి తెలిసింది. అటువంటప్పుడు వెనుదిరగడమే సరైన మార్గమని శిక్షణలో మొదటి నుంచీ చెబుతారు. ప్రముఖుల కార్యక్రమాలు, ఎదురుచూసే సభలు ఆ నిర్ణయాన్ని కష్టతరం చేస్తాయి.

రెండో ఘటన అనుమతి ఉన్న ప్రదర్శనలో జరిగింది. 2010 మార్చి 3న హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయంలో ప్రారంభమైన విమానయాన ప్రదర్శనలో నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ బృందం విన్యాసాలు చేస్తుండగా ఒక కిరణ్ విమానం బోయిన్‌పల్లిలోని భవనం మీద కూలింది. ఇద్దరు నౌకాదళ పైలట్లు మరణించారు. కింద ఉన్నవారిలో కొందరు గాయపడ్డారు. సుశిక్షితులైన పైలట్లు, ముందస్తు అనుమతి, సాధన, అన్నీ ఉన్నప్పటికీ జనావాసాల మీద తక్కువ ఎత్తులో పొరపాటును దిద్దుకునే వ్యవధి ఉండదని ఆ ఘటన చెప్పింది. అనుమతి లేని సాహసం విషయం వేరే చెప్పనక్కరలేదు.

దేశ చరిత్రలో అందరికీ గుర్తున్న ఉదాహరణ అంతకు మూడు దశాబ్దాల ముందుది. 1980 జూన్ 23న సంజయ్ గాంధీ నడుపుతున్న పిట్స్ ఎస్-2ఎ విన్యాస విమానం ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం నుంచి బయలుదేరిన కొద్ది నిమిషాలకే కూలిపోయింది. ఆయనతో పాటు కెప్టెన్ సుభాష్ సక్సేనా మరణించారు. తక్కువ ఎత్తులో విన్యాసాలు చేస్తుండగా విమానం అదుపు తప్పింది. కింద ఉన్నది రాజధాని నడిబొడ్డు.

మొదటి ఉల్లంఘనను వదిలేస్తే

తక్కువ ఎత్తులో విమాన చాలనానికి సంబంధించిన పాఠాల్లో అత్యంత ప్రసిద్ధమైనది అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ వైమానిక స్థావరం ప్రమాదం. 1994 జూన్ 24న విమాన ప్రదర్శన కోసం సాధన చేస్తున్న బీ-52 బాంబర్ విమానం, కంట్రోల్ టవర్ చుట్టూ తక్కువ ఎత్తులో నిటారుగా ఒరిగి మలుపు తిరుగుతూ నేలకూలింది. అందులోని నలుగురు అధికారులూ మరణించారు.

విమానం నడిపిన లెఫ్టినెంట్ కర్నల్ ఆర్థర్ హాలండ్ నైపుణ్యం గల పైలట్‌గా పేరు పొందినవారు. కానీ 1991 నుంచి పలు ప్రదర్శనల్లో, శిక్షణ యాత్రల్లో ఆయన ఎత్తు పరిమితులనూ, ఒరిగే కోణాల పరిమితులనూ ఉల్లంఘిస్తూ వచ్చారు. 1994 మార్చిలో ఒక కొండ గట్టును అతి దగ్గరగా దాటినప్పుడు అక్కడ చిత్రీకరిస్తున్న బృందం తలలు వంచి తప్పించుకోవలసి వచ్చింది. ఆయనను విమానం నడపకుండా ఆపాలని స్క్వాడ్రన్ కమాండర్ మార్క్ మెగీహన్ కోరారు. పై అధికారి మౌఖికంగా మందలించి ఊరుకున్నారు. రాతపూర్వకంగా ఏదీ నమోదు కాలేదు. తన సిబ్బందిని హాలండ్‌తో ఒంటరిగా పంపకూడదనుకున్న మెగీహన్, తానే వెంట వెళ్లేవారు. జూన్ 24 నాటి మృతుల్లో ఆయన కూడా ఉన్నారు. అనంతరం ఆ పై అధికారి విధి నిర్వహణలో వైఫల్యాన్ని సైనిక న్యాయస్థానంలో అంగీకరించారు.

ఉల్లంఘన జరిగి కూడా ఏమీ కాకపోతే అది పైలట్ నైపుణ్యానికి రుజువుగా కనిపిస్తుంది. తర్వాతిసారి ఇంకొంచెం కిందికి దిగడానికి అదే అనుమతిగా మారుతుంది. చూసినవారు చప్పట్లు కొడితే అలవాటు స్థిరపడుతుంది. ప్రమాద దర్యాప్తుల్లో మళ్లీ మళ్లీ బయటపడే వరుస ఇదే.

బిలాస్‌పూర్ రైల్వే కుటుంబాలకు ఈ సూత్రం కొత్తది కాదు. లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటి ఇంజిన్ ఆపితే, ఎవరికీ గాయం కాకపోయినా, రైలు పట్టాలు తప్పకపోయినా రైల్వేలో దాన్ని తీవ్రమైన తప్పిదంగానే పరిగణిస్తారు. సిబ్బందిని వెంటనే విధుల నుంచి తప్పించి విచారణ జరుపుతారు. ఏమీ కాలేదు కదా అన్న సమాధానం అక్కడ చెల్లదు. ఎత్తు నియమాన్ని కూడా అదే దృష్టితో చూడాలన్నది విమాన భద్రత ప్రాథమిక పాఠం.

కింద ఉన్నవారు చెల్లించే మూల్యం

నియమ ఉల్లంఘనకు మూల్యం చెల్లించేది పైలట్ ఒక్కరే కాదు. 1998 ఫిబ్రవరి 3న ఇటలీలోని కవలేసే వద్ద అమెరికా మెరైన్ దళానికి చెందిన యుద్ధవిమానం లోయలో అతి తక్కువ ఎత్తున ప్రయాణిస్తూ రోప్‌వే తీగను తెంచింది. పెట్టె కింద పడి అందులోని 20 మంది మరణించారు. ఆ ప్రాంతానికి ఇటలీ నిర్దేశించిన కనీస ఎత్తు 600 మీటర్లకు పైగా ఉండగా, తీగ తెగింది సుమారు 110 మీటర్ల ఎత్తున. సిబ్బంది వద్ద ఉన్న పటంలో ఆ రోప్‌వే గుర్తు లేదు. నరహత్య అభియోగం నుంచి పైలట్ బయటపడినా, ఆ ప్రయాణపు వీడియో టేపును నాశనం చేయడంలో పాత్రకు తర్వాత శిక్ష పడింది.

1988 జూన్ 26న ఫ్రాన్స్‌లోని హబ్‌షైమ్‌లో కొత్త ఎయిర్‌బస్ ఏ-320 విమానాన్ని ప్రయాణికులతో సహా ప్రదర్శనగా తక్కువ ఎత్తులో నడిపారు. 100 అడుగుల ఎత్తున దాటాలన్నది ప్రణాళిక. విమానం 30 అడుగులకు దిగి, రన్‌వే చివరి చెట్లను తాకింది. 136 మందిలో ముగ్గురు మరణించారు. 2002 జూలై 27న ఉక్రెయిన్‌లోని లివీవ్ వద్ద ప్రదర్శనలో సుఖోయ్-27 యుద్ధవిమానం జనం మీద కూలి 77 మంది ప్రాణాలు కోల్పోయారు.

శిక్షలు

1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 వచ్చింది. ఇది 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఉద్దేశపూర్వకంగా ప్రమాదకరంగా విమానం నడిపిన వ్యక్తికి రెండేళ్ల వరకు జైలు శిక్ష, లేదా కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2020 సవరణకు ముందు జరిమానా గరిష్ఠ పరిమితి 10 లక్షల రూపాయలే. పాత చట్టం కింద రూపొందిన నియమాలు, వాటి స్థానంలో కొత్తవి వచ్చేదాకా వర్తిస్తాయి. డీజీసీఏ పైలట్ లైసెన్సును తాత్కాలికంగా నిలిపివేయవచ్చు లేదా రద్దు చేయవచ్చు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్షకు అవకాశముంది.

ప్రమాదాల దర్యాప్తు బాధ్యత 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరోది. కారణాలు గుర్తించి పునరావృతం కాకుండా చూడడమే దాని ఉద్దేశం. శిక్ష విధించడం దాని పని కాదు. సైనిక విమానాలకు డీజీసీఏ నియమాలు వర్తించవు. తక్కువ ఎత్తులో ఎగరడం సైనిక శిక్షణలో భాగం కాబట్టి త్రివిధ దళాలు తమ సొంత ఆదేశాల ప్రకారం నడుచుకుంటాయి.

డ్రోన్లతో కొత్త లెక్క

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమావళి ఎత్తు నియమానికి అదనపు ప్రాధాన్యం తెచ్చింది. పటంలో ఆకుపచ్చ రంగు సూచించే ప్రాంతాల్లో డ్రోన్లు 120 మీటర్ల వరకు అనుమతి లేకుండా ఎగరవచ్చు. విమానాశ్రయ సరిహద్దు నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 60 మీటర్లు. అంతకంటే దగ్గరగా ఎగరేయాలంటే డిజిటల్ స్కై పటం చూసుకుని అనుమతి పొందాలి. బయలు ప్రదేశాల్లో విమానాల కనీస ఎత్తు 150 మీటర్లు. అంటే చట్టబద్ధమైన డ్రోన్‌కూ చట్టబద్ధమైన విమానానికీ మధ్య మిగిలిన ఎడం 30 మీటర్లే. పంటలకు మందు చల్లే డ్రోన్లు, సర్వే డ్రోన్లు పెరుగుతున్న రోజుల్లో విమానం నిర్ణీత ఎత్తు కంటే దిగితే వాటి దారిలోకి వచ్చినట్టే.

పౌరులు ఏం చేయవచ్చు?

కిందుగా కనిపించిన ప్రతి విమానం నియమాన్ని ఉల్లంఘించినట్టు కాదు. దిగుతున్న విమానం, రోగులను తరలించే హెలికాప్టర్, ప్రత్యేక అనుమతితో సాగే సర్వే లేదా విద్యుత్ లైన్ల తనిఖీ సాధారణ పరిమితి కంటే కిందికి రావచ్చు. కంటితో ఎత్తు అంచనా వేయడం కూడా కష్టం. బిలాస్‌పూర్‌కు వచ్చే ఏటీఆర్-72 విమానం రెక్కల విస్తీర్ణం 27 మీటర్లు. చిన్న శిక్షణ విమానం సెస్నా-152కు అది 10 మీటర్లే. ఒకే ఎత్తులో ఉన్నా పెద్ద విమానం మరింత దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది.

అయితే విమానాశ్రయ మార్గానికి దూరంగా ఇళ్ల మీద పదేపదే చక్కర్లు కొట్టడం, జనసమూహం మీదుగా దూసుకుపోవడం, నదీతీరంలోనో మైదానంలోనో మనుషులకు చేరువగా దిగి లేవడం వంటివి గమనిస్తే సమాచారం ఇవ్వాలి. తేదీ, సమయం, స్థలం, విమానం వచ్చిన దిశ, రంగు నమోదు చేసుకోవాలి. భారతీయ పౌర విమానాల మీద వీటీ అన్న అక్షరాలతో మొదలయ్యే గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే రాసుకోవాలి. పక్కనున్న భవనం, స్తంభం, చెట్టు వంటివి కూడా కనిపించేలా తీసిన వీడియో ఎత్తును లెక్కించడానికి ఉపకరిస్తుంది. ఈ వివరాలను సమీప విమానాశ్రయ డైరెక్టర్ కార్యాలయానికి, డీజీసీఏకు, తక్షణ ప్రమాదం ఉందనిపిస్తే పోలీసులకు తెలియజేయవచ్చు. సైనిక విమానమైతే జిల్లా కలెక్టర్ కార్యాలయం ద్వారా సంబంధిత స్థావరానికి చేరవేయవచ్చు.

ఫెయిర్‌చైల్డ్‌లో మూడేళ్ల పాటు ఎందరో చూశారు, కొందరు చెప్పారు, కాగితం మీదికి మాత్రం ఏదీ రాలేదు. తేదీ, సమయంతో రాసిన ఒక్క ఫిర్యాదు నమోదైతే విచారణ మొదలవుతుంది. దాని ఫలితంగా పైలట్ తిరిగి శిక్షణకు వెళ్లవచ్చు, లేదా ఆ విమానం ఎగిరింది అనుమతితోనే అని తేలవచ్చు. రెండింటిలో ఏది జరిగినా కింద నివసించేవారికి మేలే.